కృష్ణారావు ప్యాంట్ల బొంత

ఎవరికైనా ఇచ్చేస్తే ఆయన ఇక రారని నేనే తేల్చేసినట్టు, బీరువాలోనే ఉంచితే వస్తారని కాచుకు కూర్చున్నట్టు, ఈ రెండూ కాని దారి ఇంకోటి ఉండాలి కదా అని, లోతుకుంటలో బస్సెక్కింది మొదలు అదే ఆలోచన. ఒళ్ళో బియ్యం సంచి. సంచి నిండా మా ఆయన జీన్స్ ప్యాంట్లు. హకీంపేట దాటాక దిగిపోదామనిపించింది. తూముకుంట దగ్గర నిజంగానే లేచి నిలబడ్డాను. పక్క సీటావిడ దారివ్వడానికి కాళ్ళు ముడుచుకుంది. నేను మళ్ళీ కూర్చున్నాను.

"దిగవా?" అంది.

"ఇంకా ఉంది" అన్నాను.

ఆవిడ నన్నూ, సంచినీ మార్చి మార్చి చూసి కిటికీ వైపు తిరిగింది.

మా ఆయన పేరు కృష్ణారావు. మేడ్చల్ దగ్గర మందుల కంపెనీలో ఉద్యోగం. తొలి వానలు పడుతున్నప్పుడు సుచిత్రలో ఒక గది తీసుకుని యాప్రాల్ ఇంటి నుంచి వెళ్ళిపోయారు. గొడవేమీ జరగలేదు. కాఫీ తాగుతూ, "కొన్నాళ్ళు విడిగా ఉండి చూస్తాను లలితా" అన్నారు. ఏం చూస్తారని నేను అడగలేదు. గ్లాసు మాత్రం కడిగి బోర్లించి వెళ్ళారు. అంతకుముందెప్పుడూ ఆయన గ్లాసు కడగలేదు. ఆ గ్లాసు గురించి నేను చాలా రోజులు ఆలోచించాను.

కాలనీలో అడిగినవాళ్ళకు ట్రాఫిక్ అని చెప్పాను. ఆఫీసుకు దగ్గరని అక్కడ ఉంటున్నారని. ఈ ఊళ్ళో ట్రాఫిక్ పేరు చెబితే దేనికైనా సరిపోతుంది, ఎవరూ రెండో ప్రశ్న వేయరు. తెనాలిలో మా అక్కకూ ఫోన్లో అదే చెప్పాను. కనీసం ఒక్కరికి ఉన్నదున్నట్టు చెప్పాలని పొద్దున్నే అనుకోవడం, సాయంత్రానికి గొంతు దాకా వచ్చిన మాటను మింగేయడం. నేను పిల్లలకు లెక్కలు చెప్పే టీచర్ని. బోర్డు మీద రాస్తూ రాస్తూ సగంలో ఆగిపోయేదాన్ని. మాకు పిల్లల్లేరు. ఉంటే వాళ్ళే కనిపెట్టేసి నాకీ చెప్పే పని తప్పించేవాళ్ళేమో.

చొక్కాలన్నీ తీసుకెళ్ళారు. ఆఫీసు ప్యాంట్లు తీసుకెళ్ళారు. జీన్స్ మాత్రం బీరువాలో ఆయన అరలోనే వదిలేశారు. మనిషి పూర్తిగా పోయేవాడైతే అన్నీ తీసుకుపోడూ? ఆ అర తలుపు తెరవడం, మూయడం. చివరికి అవి అలా కళ్ళెదుట ఉంటే నాకు పిచ్చి పడుతుందనిపించింది. బడి పిల్లల్ని జింకల పార్కుకు తీసుకెళ్ళినప్పుడు శామీర్‌పేటలో ఒక ప్రహరీ మీద బొంతలు ఆరేసి ఉండటం చూశాను. ముక్కలు ముక్కలుగా, పక్కపక్కనే. బొంత కుట్టిస్తే ఇచ్చేసినట్టూ కాదు, ఉంచుకున్నట్టూ కాదు. అలా ఆ ఆదివారం బస్సెక్కాను.

చెరువు వైపు దిగే సందులో ఇల్లు. బొంతలు కుట్టే ఆవిడ పేరు బాలనర్సమ్మ, అరవై దాటి ఉంటాయి. ఆమె భర్త లింగం చేపలు పడతాడు. చేపల పని లేని వానాకాలంలో ఆయన అరుగు మీద వలలు బాగుచేసుకుంటాడు, ఆమె పక్కనే కూర్చుని బొంతలు కుడుతుంది.

సంచి విప్పి ఒక ప్యాంటు చేత్తో నలిపి చూసింది. "గివి బట్టలా, గోనెసంచులా? సూది దిగుతదా బిడ్డా?"

"బస్తాలు కుట్టే దబ్బనం ఉన్నది, తెస్త తియ్యి" అన్నాడు లింగం.

"నువ్వు నీ వల జూస్కో. అడిగినప్పుడు జెప్పవు, అడగనప్పుడు ముంగట ఉంటవు."

ఒక్కొక్కటే తీసి పరుస్తూ పోయింది. నాలుగైదు తీశాక ఆమె చేయి నెమ్మదించింది. అన్నీ ఒకే మనిషివి. ఒకదాన్ని నడుము దగ్గర పట్టుకుని దర్వాజాకు ఆనించి పొడుగు చూసింది. బొట్టు లేని నా ముఖం, చున్నీ కప్పిన నా మెడ చూసింది. సంచిని రెండు చేతులతో దగ్గరికి లాక్కుని కళ్ళకద్దుకుంది. "కడుపుల పెట్టుకొని కుడ్త. నువ్వేం ఫికర్ జెయ్యకు" అంది. పనంటే అంత భక్తి అనుకున్నాను.

"జేబులు ఉంచాల్నా, తియ్యాల్నా?"

"ఉంచితే బాగుంటుందేమో."

"పండుకున్నంక పైసలు పెట్టుకుంటదట" అన్నాడు లింగం వలలోకి చూస్తూ.

"సోయిలేని ముసలోడు, ఆయన మాట పట్టుకోకు. ఒక్కరికా, ఇద్దరికా?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తట్టనే లేదు. రంగుల గురించి ఆలోచించాను, ముదురు ముక్క పక్కన లేత ముక్క రావాలని కాగితం మీద గళ్ళు కూడా గీసుకున్నాను. ఇది ఆలోచించలేదు.

"డబుల్ కాట్‌కు సరిపోవాలి" అన్నాను.

బాలనర్సమ్మ లింగం వైపు చూసింది. లింగం తల వంచుకున్నాడు. "సరె. కింద అస్తరుకు నీ పాత నూలు చీరలు తెచ్చియ్యి" అంది.

తిరుగు బస్సులో తప్పు చెప్పాననిపించింది. డబుల్ అంటే కాచుకు కూర్చున్నట్టే. మరుసటి ఆదివారం చీరలు పట్టుకుని వెళ్ళి, ఒక్కరికి చాలు అన్నాను. ఆ పై ఆదివారం మళ్ళీ వెళ్ళి, కాదు ఇద్దరికే వేయమన్నాను. చెప్పిన ప్రతిసారీ తేలికయ్యేది, బస్సు తూముకుంట చేరేలోపే మళ్ళీ బరువెక్కేది.

"నీ మనసు ఒక్క తీర్గ లేదు బిడ్డా" అంది బాలనర్సమ్మ. కోపం లేదు. "మంచిది. పైది అతికి పెడ్త, అస్తరు అతికి పెడ్త. రెండింటిని కలిపి కుట్టుడు నువ్వు ఖాయం జేసినంకనే."

మామూలుగా పని చెప్పి ఇన్నిసార్లు మాట మార్చినవాళ్ళను ఎవరైనా విసుక్కుంటారు. ఈవిడ విసుక్కోదేం? నేను వెళితే లింగం లేచి పీట వేసేవాడు. బాలనర్సమ్మ నాకు టీ ఇచ్చాకే ఆయనకు ఇచ్చేది. ఒకరోజు ప్యాంటు ముక్కల పక్కన గోడ పగుల్లో అగరుబత్తి వెలిగించి ఉంది. తడి బట్టల వాసన పోవడానికేమో అనుకున్నాను. మనసుకు తెలిసినదాన్ని తెలియనట్టు ఉంచుకోవడానికి మనిషి ఎన్ని కారణాలైనా వెతుక్కోగలదు.

బోనాల రోజు వెళ్ళాను. వాళ్ళ వాడలో ఆ రోజు పండగని తెలియదు. వాకిలంతా ఆడవాళ్ళు. బోనం కుండకు సున్నం పూసి పసుపు బొట్లు పెట్టారు. బాలనర్సమ్మ చేతిలో కుంకుమ గిన్నెతో వచ్చిన ప్రతి ఆడమనిషికీ బొట్టు పెడుతోంది. నవ్వుతూ నా దగ్గరికీ వచ్చింది. వేలు నా నుదుటి దాకా వచ్చింది. అక్కడ ఆగింది. ఆ వేలిని ఆమె మెల్లగా కొంగుకు తుడుచుకుని, "కూసో బిడ్డా, అన్నం తిని పోదువు" అంది.

అప్పుడు తెలిసింది. ఈ ఇంట్లో నేను మొగుడు పోయిన మనిషిని.

చెప్పాలి. కాదమ్మా, ఆయన బతికే ఉన్నారు, సుచిత్రలో ఉన్నారు అని చెప్పాలి. అప్పుడు ఆమె, మరి బట్టలెందుకు తెచ్చావు అంటుంది. దానికి నా దగ్గర ట్రాఫిక్ తప్ప వేరే జవాబు లేదు. అరుగు మీద కూర్చుని అన్నం తిన్నాను. ఎవరో ముసలావిడ నా వీపు నిమిరి వెళ్ళింది. జూన్ నుంచీ నా వీపు మీద ఎవరి చేయీ పడలేదు. కళ్ళు తుడుచుకున్నాను, వాళ్ళంతా అర్థం చేసుకున్నట్టు తల తిప్పుకున్నారు. వాళ్ళు అర్థం చేసుకున్నది వేరు, నా ఏడుపు వేరు. అయినా అది హాయిగా ఉంది. వదిలేయబడిన మనిషికి లేని చోటు, పోగొట్టుకున్న మనిషికి ఉంది.

బస్సులో కూర్చున్నాక ఒక్కసారిగా భయమేసింది. ఆయన్ను ఏదో చేసేసినట్టు. ఫోన్ చేశాను.

"ఏంటి లలితా?"

"ఏం లేదు. ఊరికే."

"గ్యాస్ అయిపోయిందా?"

"లేదు. బాగున్నారా?"

"బాగానే ఉన్నా. కొంచెం జలుబు." నిజంగానే దగ్గారు. ఆ దగ్గు విని నాకు ఊపిరొచ్చింది.

తర్వాత మూడు వారాలు శామీర్‌పేట వెళ్ళలేదు. వెళితే చెప్పాలి. వర్షాలని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వినాయక చవితి వెళ్ళాక ఒక సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు. తనంతట తను చేయడం అదే మొదటిసారి. స్టవ్ కట్టేసి కుర్చీలో కూర్చున్నాను.

"నా జీన్స్ ఆ బీరువాలోనే ఉన్నాయిగా? ఇక్కడ రోజూ పొద్దున నడుస్తున్నాను, నడుం తగ్గింది. ఇప్పుడు అవన్నీ పడతాయి. ఆదివారం వచ్చి తీసుకెళ్తాను. ఆ అర కూడా ఖాళీ అయితే నీకు చోటు ఉంటుంది."

ఇదా? పట్టడం లేదని వదిలేశారా? తొలి వానల నుంచీ నేను పగలూ రాత్రీ దేని చుట్టూ తిరిగానో, అది ఆయన నడుం కొలత.

"అవి శామీర్‌పేటలో ఉన్నాయి" అన్నాను.

"అక్కడెందుకు?"

"కుట్టడానికి ఇచ్చాను."

"అయ్యో, లూజు చేయించావా? అవసరం లేదే ఇప్పుడు. సరే, అక్కడికే వెళ్ళి తెచ్చుకుందాం."

ఆదివారం కారులో వచ్చారు. ఇంట్లోకి రాకుండా గేటు దగ్గరే హారన్ కొట్టారు. నిజంగానే సన్నబడ్డారు, చెవుల పక్కన తెల్ల వెంట్రుకలు పొట్టిగా కత్తిరించుకున్నారు. నేను ముందు సీట్లో కూర్చోవాలా వెనక కూర్చోవాలా అని ఒక్క క్షణం తడబడి ముందే కూర్చున్నాను.

"ఆ గదికి నీళ్ళు బాగా వస్తాయా?" అన్నాను, అల్వాల్ దాటాక.

"వస్తాయి. ఓనరు మంచివాడే. ఏడాదికి రాయించుకున్నాడు."

"ఏడాదికా?"

"అక్కడంతా అంతేనట." అద్దంలో వెనక వచ్చే లారీని చూస్తూ అన్నారు. "మొన్న ఇంకో ఏడాది కలిపి రాసిచ్చాను. మాటిమాటికీ ఎందుకని."

తర్వాత ఆయన దారి పొడుగునా రోడ్డు మీద గుంతల గురించి మాట్లాడారు. నేను ఊఁ కొట్టాను. ప్యాంట్లు కత్తిరించారని ఆయనకు చెప్పాలి, ఆయన బతికే ఉన్నారని బాలనర్సమ్మకు చెప్పాలి. రెండు మాటలూ నోట్లో ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఏదీ బయటికి రాకుండానే కారు సందు మొదట్లో ఆగింది.

లింగం పీట తీసుకుని లేచాడు. బాలనర్సమ్మ గడప దగ్గర నిలబడి చేయి అడ్డం పెట్టుకుని చూసింది. "ఎన్ని దినాలాయె బిడ్డా రాక. పానం మంచిగ లేదేమో అనుకున్న. ఎవలీయన, మీ అన్ననా?"

నాకంటే ముందే ఆయన అన్నారు. "ప్యాంట్ల కోసం వచ్చానండీ. అవి నావే."

ఆమె ఆయన ముఖం చూడలేదు. కాళ్ళు చూసింది. నడుము నుంచి పాదం దాకా, ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఆ కాళ్ళ పొడుగు ఆమె చేతులకు తెలుసు. మెల్లగా అరుగు మీద కూలబడింది.

"గీయన ఉన్నడా?" అంది.

"ఉన్నారు" అన్నాను.

"బతికున్న మనిషి బట్టలకు కత్తెర వెట్టిపిచ్చినవా నాతోటి? మా వాడల ఏ ఆడిది తేదు గట్ల. మొగడు పోతెనే మూట గట్టి తెస్తరు. ఇంత పాపం నేనెక్కడ కడుక్కోవాలె?"

"అగరుబత్తుల డబ్బంత ముట్టిచ్చి ఒడగొట్టినవ్ గా సారు పేరు మీద" అన్నాడు లింగం. నవ్వు ఆపుకోలేక వలతో నోరు తుడుచుకున్నాడు. "సారూ, మస్తు ఇజ్జత్ జేసినం నీకు. కూసో, ఛాయ్ తాగు."

మా ఆయన కూర్చోలేదు. దండెం మీద వేలాడుతున్న బొంత పైభాగాన్ని చూస్తున్నారు. ముదురు నీలం, లేత నీలం, మోకాళ్ళ దగ్గర అరిగి తెల్లబడ్డ ముక్కలు, ఇక్కడో జేబు, అక్కడో జేబు.

"నేను చనిపోయానని చెప్పావా?"

"చెప్పలేదు. ఆవిడే అనుకుంది."

"నువ్వు కాదనలేదా?"

"కాదంటే ఏం చెప్పాలో తెలియలేదు."

ఆయన దండెం దగ్గరికి వెళ్ళి ఒక ముక్క మీద వేలు పెట్టారు. దాని మీద ఆకుపచ్చ రంగు చుక్కలు. "ఇది గేటుకు రంగేసినప్పటిది."

"గేటుకు నలుపు వేశారు. ఇది వెనక తలుపుకు."

"తలుపుకు నేనెక్కడ వేశాను? మనిషిని పెట్టాం."

"ఆ మనిషి రెండో రోజు రాలేదు. మిగిలింది మీరే వేశారు."

ఆయన ఆ చుక్కల్ని గోటితో గీరి చూశారు. "అవును" అన్నారు. నా వైపు తిరగకుండానే, "మా ఓనరుకు నువ్వు తెనాలిలో ఉద్యోగం చేస్తున్నావని చెప్పాను. పండక్కి ఎందుకు రాలేదని అడిగితే సెలవు దొరకలేదన్నాను" అన్నారు.

బాలనర్సమ్మ లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన కాళ్ళ మీద కుమ్మరించింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి జరిగారు.

"నీ అంగి అంచుకెళ్ళి ఒక్క పోగు గుంజియ్యి సారూ. గది దీంట్ల కలిపి కుడ్త. గప్పుడు బతికున్న మనిషిదైతది. నాకు ఇంకో ఉపాయం తెల్వది."

ఆయన నన్ను చూశారు. చొక్కా అంచు పట్టుకుని ఒక దారం లాగారు. అది తెగలేదు, అంచంతా ముడతలు పడింది. లింగం వంగి పంటితో కొరికి తెంపి భార్య చేతిలో పెట్టాడు. ఆమె ఆ పోగును సూదికి ఎక్కించి, అక్కడే నిలబడి, ఆకుపచ్చ చుక్కల ముక్కలో నాలుగు కుట్లు వేసింది.

"నువ్వే ఉంచుకో లలితా" అన్నారు ఆయన. "నేను కొత్తవి కొనుక్కుంటాను." గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు పట్టుకోవడానికి ఏదైనా దొరికేది. "ఛాయ్ కాగేలోపు చెరువు చూసొస్తాను."

"నేను సూపిస్త రాండ్రి సారూ. అలుగు వారుతున్నది" అని లింగం ఆయన వెంట వెళ్ళాడు.

బాలనర్సమ్మ నా ఎదురుగా కూర్చుంది. "కొట్లాటనా?"

"లేదు. గొడవేమీ లేదు."

"మల్ల?"

సందు చివర ఆయన తడిసిన ప్యాంటు అంచులు మడుచుకోవడానికి వంగారు. లింగం ఏదో చెప్తుంటే తల ఊపారు.

"నన్ను వదిలి వెళ్ళిపోయారు" అన్నాను. "సుచిత్రలో ఉంటున్నారు. ఇక రారు."

అంతే. చిన్న మాటలు. లోపల ఇన్ని నెలలు తిరిగి తిరిగి ఇంత చిన్నవయ్యాయా అనిపించింది. ఆమె అయ్యో అనలేదు. నా వీపు నిమరలేదు. చేతిలోని సూదిని జాకెట్టుకు గుచ్చుకుని, "అట్లనా" అంది. "ముందే జెప్తే అగరుబత్తులన్న మిగులుతుండె."

నాకు నవ్వొచ్చింది, దానితోపాటు కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

"ఇగ ఇప్పుడన్న ఖాయం జెయ్యి. కొల్త ఎంత?"

అడుగుల్లో చెప్పబోయాను. రోజూ పిల్లలకు పొడవు వెడల్పులు చెప్పే నోటికి అంకె రాలేదు.

"గా లెక్కలు నాకు గూడ తెల్వయి" అంది. లోపలి నుంచి నా పాత చీరలతో అతికిన అస్తరు తెచ్చి, అరుగు మీద చాప వేసి దాని మీద పరిచింది. సుద్దముక్క తీసుకుంది. "దీని మీద పండుకో. నీ సుట్టు గీత గీస్త."

"ఇక్కడా? అందరూ చూస్తారు."

"సూస్తే సూడనియ్యి. పండుకో."

చెప్పులు విప్పి, చున్నీ సర్దుకుని పడుకున్నాను. చూరు కనిపించింది, చూరుకు వేలాడుతున్న వానచుక్కలు కనిపించాయి. సుద్ద గీసే చప్పుడు కోసం ఎదురుచూశాను. అది వినిపించలేదు.

"గదేంది, గట్ల అంచుకు పోయినవ్?" అంది బాలనర్సమ్మ. "గంత జాగ ఎవలికి ఇడిసిపెట్టినవ్?"

తల తిప్పి చూసుకున్నాను. నిజమే. ఎడమ అంచున పక్కకు ఒదిగి, మోకాళ్ళు ముడుచుకుని ఉన్నాను. మోచేయి చాప దాటి చల్లటి బండ మీద ఉంది. కుడివైపంతా నా చీరలే, నలగకుండా, ఖాళీగా.

నడుము ఎత్తి జరిగాను. చాలలేదు. ఇంకోసారి జరిగి మధ్యకు వచ్చి, కాళ్ళు బారచాపి, రెండు చేతులూ రెండు వైపులకు పరిచాను.